ఏ గుర్రం గెలుస్తుంది?

కంటోన్మెంట్ స్టేషను బయట టీ బంకు దగ్గర నన్ను చూడగానే నలుగురు కుర్రవాళ్లు చుట్టుముట్టారు. ఇద్దరు నూలు మిల్లులో పనిచేసేవాళ్లు, ఇద్దరు జీన్స్ కుట్టే షెడ్డులో పనిచేసేవాళ్లు. రెండో షిఫ్టుకు ఇంకా అరగంట టైముంది. ఒకడి చేతిలో ఫోను, ఆ ఫోనులో గుర్రాల పేర్ల జాబితా. "ఏమన్నా, నువ్వు పాత రేసు మనిషివంట కదా! ఈ తూరి లివర్‌పూల్‌లో కంచెలు దూకే పందెంలో ఏది కొడుతుందో ఒక్క మాట చెప్పున్నా" అన్నాడు. మిగతా ముగ్గురూ నా మొహంకేసి చూశారు. జ్వరమొచ్చిన బిడ్డను ఎత్తుకొచ్చిన తల్లి డాక్టరు మొహంకేసి ఎట్లా చూస్తుందో అట్లా చూశారు.

ఆ రోజు నేనేమీ చెప్పకుండా టీ తాగి వచ్చేశాను. షిఫ్టు సైరను ముందు అరగంటలో చెప్పే సంగతి కాదది. అందుకే ఇప్పుడు మన పత్రికలో రాస్తున్నాను. జూదం పాపమని నీతులు చెప్పడానికి మాత్రం కాదు. ఆ అర్హత నాకు లేదు. 1990లలో శుక్రవారం రాత్రి హంపీ ఎక్స్‌ప్రెస్సు జనరల్ పెట్టెలో నిలబడి బెంగళూరు పోయి, ఆదివారం రాత్రి ఖాళీ జేబుతో తిరిగొచ్చినవాణ్ణి నేను. కాబట్టి మొదట అడిగిన దానికి జవాబు చెబుతాను. తర్వాత మీరు అడగని దానికి కూడా చెబుతాను. రెండోది చదవకుండా పేజీ తిప్పొద్దని మనవి.

కంచెల పందెం అంటే

గుర్రప్పందేల్లో రెండు రకాలున్నాయి. మొదటిది చదును నేల మీద పరుగు. మన హైదరాబాదు మలక్‌పేటలో, బెంగళూరులో, మైసూరులో క్లబ్బులు నడిపేవి ఈ రకం పందేలే. మలక్‌పేటకు పందేలు వచ్చింది 1886లో, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో. రెండోది కంచెలు, కందకాలు దూకుతూ పోయే పరుగు. 1752లో ఐర్లండులో ఇద్దరు ఆసాములు ఒక ఊరి చర్చి శిఖరం గురి పెట్టుకుని, ఇంకో ఊరి చర్చి నుంచి గోడలూ గుంతలూ వాగులూ దాటుకుంటూ పందెం వేసుకున్నారని చెబుతారు. చర్చి శిఖరాన్ని ఇంగ్లీషువాళ్లు స్టీపుల్ అంటారు. స్టీపుల్‌ఛేజ్ అనే పేరు అక్కడినుంచే వచ్చింది.

తెల్లదొరల పటాలాలు మన దేశంలో ఊరూరా కంటోన్మెంట్లు వేసుకున్నప్పుడు ఆఫీసర్లు తమ గుర్రాలతోపాటు ఈ ఆటలన్నీ వెంట తెచ్చుకున్నారు. 1800లో నిజాం ఈ సీమను కుంపిణీకి అప్పగించాక మన బళ్లారి కూడా పెద్ద పటాలపు ఊరయింది. పటాలాలు పోయాయి. కంటోన్మెంట్ అనే పేరు, ఒక రైలు స్టేషను, గుర్రాల మీద మోజు మిగిలాయి.

ఇప్పుడు మన కుర్రవాళ్లు ఫోనులో చూస్తున్నది ఆ కంచెల పందేల్లోకెల్లా పెద్దది. ఇంగ్లండులో లివర్‌పూల్ పక్కన ఎయిన్‌ట్రీ అనే చోట ఏటా ఏప్రిల్‌లో జరుగుతుంది. పేరు గ్రాండ్ నేషనల్. 1839 నుంచి లెక్కపెడతారు. దూరం ఏడు కిలోమీటర్లకు కొంచెం తక్కువ. రెండు చుట్లలో 30 కంచెలు దూకాలి. వాటిలో 'చైర్' అనేది అయిదడుగుల రెండంగుళాల ఎత్తు ఉంటుంది. అంటే మనలో పొట్టివాడి నెత్తి దాకా. ఇదివరకు 40 గుర్రాలు పరిగెత్తేవి. పడి చచ్చే గుర్రాలు ఎక్కువవుతున్నాయని అక్కడి జనం గొడవ చేశారు. ప్రమాదాలు తగ్గించడానికి 2024 నుంచి 34కు కుదించారు.

గుర్రాన్ని చూసే పద్ధతి

రేసు పుస్తకం తెరిస్తే ప్రతి గుర్రం పేరు పక్కన కొన్ని అంకెలు, అక్షరాలు ఉంటాయి. గడిచిన పందేల్లో అది ఎన్నో స్థానంలో వచ్చిందో అంకెలు చెబుతాయి. చదును పరుగులో అంకెలు చూస్తే చాలావరకు పనవుతుంది. కంచెల పందెంలో అక్షరాలు ముఖ్యం. ఎఫ్ ఉంటే ఆ గుర్రం పడింది. యు ఉంటే రౌతును కింద పడేసింది. పి ఉంటే అలిసిపోయి మధ్యలో ఆపేశారు. ఆర్ ఉంటే కంచె ముందు మొరాయించి నిలబడింది. బి ఉంటే దాని తప్పేమీ లేదు, పక్క గుర్రం పడి దీన్ని కూడా పడగొట్టింది. ఎఫ్‌కూ బి‌కీ తేడా తెలియనివాడు పడిన గుర్రాలన్నిటినీ ఒకే గాట కడతాడు. నూలు తెగితే మిషను లోపమా, పత్తి లోపమా అని చూడకుండా కార్మికుడికి మెమో ఇచ్చే సూపర్‌వైజరుకూ వాడికీ తేడా లేదు.

రెండోది దమ్ము. మూడు కిలోమీటర్లలో గాలిలా పోయే గుర్రం ఏడు కిలోమీటర్లలో ఆఖరి రెండు కంచెల దగ్గర కాళ్లీడుస్తుంది. కాబట్టి ఇంతకుముందు అంత దూరం పరిగెత్తి, ఆఖర్లో కూడా ముందుకు వచ్చిందా అని చూడాలి.

మూడోది నేల. వాన పడి మెత్తబడిన నేలలో కొన్ని గుర్రాలు ఈదినట్టు పోతాయి, కొన్ని కూరుకుపోతాయి. నల్లరేగడిలో దుక్కి దున్నే ఎద్దుకూ, ఎర్రనేలలో దున్నే ఎద్దుకూ తేడా మన సీమలో ఎవరికీ చెప్పనక్కర్లేదు.

నాలుగోది బరువు. గ్రాండ్ నేషనల్ లాంటి పందేల్లో అన్ని గుర్రాలకూ ఒకే బరువు పెట్టరు. బాగా గెలుస్తున్న గుర్రానికి ఎక్కువ బరువు, వెనకబడిన దానికి తక్కువ బరువు. అన్నీ ఒకేసారి గెలుపు గుంజ దగ్గరికి రావాలని లెక్కగట్టి వేస్తారు. మన భాషలో చెప్పాలంటే, నాలుగు ఫ్రేములు బాగా చూసుకుంటున్న కార్మికుడికి ఇంకో రెండు ఫ్రేములు అంటగట్టినట్టు. నిరుడు గెలిచిన గుర్రం ఈ ఏడు మళ్లీ గెలవడం కష్టమయ్యేది అందుకే.

అయిదోది వయసు. చదును పరుగు గుర్రం మూడేళ్లకే పేరు తెచ్చుకుంటుంది. కంచెల గుర్రానికి ఒళ్లు ముదరాలి, బుద్ధి ముదరాలి. ఏడేళ్లలోపు గుర్రాన్ని ఇప్పుడు గ్రాండ్ నేషనల్‌లో దిగనివ్వరు. 1940లో ఒక ఏడేళ్ల గుర్రం గెలిచింది. మళ్లీ ఏడేళ్ల గుర్రం గెలవడానికి 2022 దాకా, నోబుల్ యేట్స్ వచ్చేదాకా, ఆగాల్సి వచ్చింది.

ఆరోది మనుషులు. ఎక్కిన జాకీ ఎవరు, తయారుచేసిన శిక్షకుడు ఎవరు, మేత పెట్టి మాలీసు చేసే సైసు ఎవరు. రెడ్ రమ్ అనే గుర్రం 1973లో, 1974లో, 1977లో మూడుసార్లు గ్రాండ్ నేషనల్ గెలిచింది. మధ్యలో రెండేళ్లు రెండో స్థానంలో వచ్చింది. దాని కాలి ఎముకకు జబ్బు ఉండేది. దాని శిక్షకుడు జింజర్ మెకెయిన్ ఒకప్పుడు టాక్సీ నడిపినవాడు. గొప్ప మైదానాలు లేక సముద్రపు ఒడ్డున ఇసకలో పరిగెత్తించేవాడు. ఆ ఉప్పునీళ్లే కాలికి మేలుచేశాయని చెబుతారు. గుర్రం లోపలి సంగతి తెలిసేది దానితో రోజూ ఉండేవాడికి. మనకు తెలిసేది పుస్తకంలో అచ్చయినంత మేరకే.

ఆఖరుది కళ్లతో చూడటం. పందేనికి ముందు గుర్రాలను పాడక్‌లో తిప్పుతారు. చెవులు నిక్కబొడుచుకుని, తల కిందికి వదిలి, పెద్ద అంగలు వేసుకుంటూ తిరిగే గుర్రం నిబ్బరంగా ఉన్నట్టు. తొడల మధ్య నురగ కట్టి, పగ్గాన్ని పీకుతూ ఎగిరే గుర్రం పందెం మొదలయ్యేలోపే సగం దమ్ము పోగొట్టుకుంటుంది. బంకు దగ్గర ఫోను పట్టుకున్నవాడికి ఇది కనిపించదు. కనిపించినా అప్పటికే పందెం కట్టేసి ఉంటాడు.

ఈ లెక్కన చూసుకుంటూ పోతే 34 గుర్రాల్లో ఇరవై అయిదు దాకా తీసేయొచ్చు. ఏడెనిమిది మిగులుతాయి. నేను చెప్పగలిగింది ఇంతవరకే. నిజాయితీగల రేసు మనిషి ఎవడైనా ఇంతవరకే చెబుతాడు.

ఆ ఏడెనిమిదిలో ఏది?

1967లో 44 గుర్రాలు పరిగెత్తాయి. ఫోయినవాన్ అనే గుర్రం మీద ఒక రూపాయికి వంద రూపాయల ధర ఉంది. అంటే ఎవరికీ నమ్మకం లేదు. దాని శిక్షకుడు కూడా ఆ రోజు ఇంకో ఊళ్లో పందేనికి పోయాడు. 23వ కంచె దగ్గర రౌతు లేని గుర్రం ఒకటి అడ్డంగా తిరిగింది. వెనక వచ్చినవన్నీ ఒకదాన్నొకటి గుద్దుకుని ఆగిపోయాయి. ఫోయినవాన్ చాలా వెనకబడి ఉంది కాబట్టి, దారి చూసుకుని సందులోంచి దూకి, ఒక్కటే ముందుకు పోయి గెలిచింది. ఆ కంచెకు తర్వాత దాని పేరే పెట్టారు.

1956లో ఇంగ్లండు రాజమాత గుర్రం డెవాన్ లాక్ 30 కంచెలూ దూకేసింది. గెలుపు గుంజ కళ్లముందే ఉంది. వెనక ఉన్న గుర్రం చాలా దూరంలో ఉంది. అప్పుడు ఉన్నట్టుండి నేల మీద చతికిలబడింది. ఎందుకో ఈనాటికీ తేలలేదు. దాన్ని ఎక్కిన జాకీ డిక్ ఫ్రాన్సిస్ తర్వాత స్వారీ మాని డిటెక్టివు నవలలు రాసి పేరు తెచ్చుకున్నాడు. ఆ చిక్కు మాత్రం ఆయన కూడా విప్పలేకపోయాడు.

పాత కథలని కొట్టిపారేయొద్దు. 2024లో ఐ యామ్ మాక్సిమస్ గెలిచింది. అది అందరూ అనుకున్న గుర్రాల్లో ఒకటే. 2025లో గెలిచింది నిక్ రాకెట్. దాని మీద ఒకటికి 33 ధర. ఐ యామ్ మాక్సిమస్ రెండోది. విశేషమేమంటే ఆ ఏడు మొదటి మూడు గుర్రాలూ విల్లీ మల్లిన్స్ అనే ఒకే శిక్షకుడి కొట్టంలోవి. గెలిచినదాన్ని ఎక్కింది ఆయన కొడుకే. కొట్టం తెలిసినా గుర్రం తెలియలేదన్నమాట.

చదును పందేల్లో కూడా అందరూ గెలుస్తుందనే ఫేవరెట్టు గుర్రం గెలిచేది దాదాపు మూడింట ఒక వంతు పందేల్లో. మూడుసార్లలో రెండుసార్లు లోకమంతా కలిసి పొరపాటు పడుతుంది. మరి బంకు దగ్గరి నలుగురం ఎంత?

పందెం లెక్క వేరు

ఇక మీరు అడగనిది. గుర్రాన్ని చదవడం ఒక విద్య. పందెం ఇంకో వ్యాపారం. ఈ రెండూ ఒకటేనని నమ్మించడంలోనే ఆ వ్యాపారం ఉంది.

గుర్రప్పందెం వట్టి జూదం కాదని, నైపుణ్యం మీద ఆధారపడిన ఆట అని సుప్రీంకోర్టు 1996లో మద్రాసు రేసు క్లబ్బు కేసులో తీర్పు చెప్పింది. రేసు మనుషులు ఇప్పటికీ ఆ తీర్పును తాయెత్తులా కట్టుకుని తిరుగుతారు. నేను కూడా తిరిగాను. తీర్పు చెప్పింది నిజమే, నైపుణ్యం ఉంది. అయితే నైపుణ్యం ఉన్న పనిలో డబ్బు మిగలాలని ఏ కోర్టూ చెప్పలేదు. రింగు ఫ్రేము దగ్గర మనకు నైపుణ్యం లేదా? మిగిలింది ఎవరికి?

టోటు అంటే ఏమిటో చూడండి. అందరి డబ్బూ ఒక కుండలో పడుతుంది. అందులోంచి పన్ను, క్లబ్బు వాటా పోయాక మిగిలింది గెలిచినవాళ్లు పంచుకుంటారు. గుర్రప్పందెంలో పందెం పూర్తి విలువ మీద 28 శాతం జి.ఎస్.టి. వేశారు. 2025 సెప్టెంబరు 22 నుంచి దాన్ని 40 శాతం చేశారు. పదిమంది కార్మికులు తలా వంద రూపాయల పందెం కట్టారనుకోండి. పన్నుతో కలిపి తలా 140, మొత్తం 1400 రూపాయలు జేబుల్లోంచి వచ్చాయి. 400 పన్నుకు పోయింది. క్లబ్బు వాటా లెక్క కోసం పది శాతం అనుకుందాం, ఇంకో వంద పోయింది. మిగిలింది 900. గుర్రాలు ఇంకా గేటు దాటలేదు, మన పదిమందిలో 500 రూపాయలు అప్పుడే పోయాయి. ఎవరు గెలిచినా ఆ 900 మాత్రమే తిరిగొస్తుంది. ఒకడు ఎక్కువ తెచ్చుకుంటే అది తక్కిన తొమ్మిదిమంది జేబులోది. పదివేలు దాటిన గెలుపు వస్తే అందులో 30 శాతం ఆదాయపు పన్ను కోసుకుని ఇస్తారు. ఓడిన డబ్బుకు మాత్రం ఎవరూ తగ్గింపు ఇవ్వరు.

"మేము టోటు కట్టం అన్నా, బుకీ దగ్గర కడతాం, పన్ను లేదు" అంటారు. సరే, అదీ చూద్దాం. సమానమైన నాలుగు గుర్రాలున్నాయి. న్యాయంగా అయితే ఒకటికి మూడు ధర ఇవ్వాలి. బుకీ ఒకటికి రెండే ఇస్తాడు. నాలుగు గుర్రాల మీదా నలుగురు తలా వంద కడితే వాడికి 400 వచ్చింది. గెలిచినవాడికి అసలుతో కలిపి 300 ఇస్తాడు. వంద వాడికి మిగిలింది. ఏ గుర్రం గెలిచినా వాడికి ఒకటే. వాడికి గుర్రాల గురించి ఏమీ తెలియనక్కర్లేదు, మనకు తెలుసని మనం అనుకుంటే చాలు. పైగా దొంగచాటు బుకీ పెద్ద గెలుపు రోజున షట్టరు దించితే ఏ పోలీసుస్టేషనుకు పోయి చెప్పుకుంటాం?

ఫోనులో ఆట సంగతి ఇంకా ఘోరం. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. అయినా ఏదో పేరుతో, ఏదో దేశం నుంచి లింకు వస్తూనే ఉంది. బెంగళూరు పోయి ఓడాలంటే నాకు ఒక రాత్రి ప్రయాణం, రెండు రోజుల సెలవు కావాల్సి వచ్చేవి. ఆ రైలులో నిలబడ్డ కాళ్ల నొప్పి అయినా రెండు వారాలు ఆపేది. ఇప్పుడు డాఫింగుకూ డాఫింగుకూ మధ్య ఖాళీలో ఒక నెల జీతం ఓడిపోవచ్చు.

భారతంలో నలమహారాజు కథ మనవాళ్లందరికీ తెలుసు. నలుడికి అశ్వహృదయం తెలుసు. గుర్రాల మనసు ఆయన కంటే బాగా తెలిసినవాడు లోకంలో లేడు. అటువంటివాడు పాచికల్లో రాజ్యం పోగొట్టుకుని అడవి పట్టాడు. తర్వాత ఋతుపర్ణుడి దగ్గర రథం తోలుతూ, తన అశ్వహృదయం ఇచ్చి ఆయన దగ్గర అక్షహృదయం నేర్చుకున్నాడు. అది లెక్కల విద్య. తాని చెట్టు ఆకులూ కాయలూ చూస్తూనే ఎన్నో చెప్పగలిగే విద్య. నేర్పేముందు ఋతుపర్ణుడు చెప్పిన లెక్క సరిగ్గా ఉందో లేదోనని నలుడు రథం ఆపి, చెట్టు నరికి, కాయలు లెక్కపెట్టుకుని మరీ చూశాడు. మన కుర్రవాళ్లందరూ అశ్వహృదయం వెంట పడ్డారు. రథం ఆపి కాయలు లెక్కపెట్టుకునేవాడు ఒక్కడూ కనిపించడం లేదు.

నేను గెలిచిన రోజు

ఒక దీపావళి బోనసులోంచి రెండువందలు తీసి ఒక గుర్రం మీద కట్టాను. ఒకటికి పన్నెండు ధర. గెలిచింది. ఇరవై ఆరు వందలు చేతికొచ్చాయి. ఆనాటి నా నెల జీతం కంటే ఎక్కువ. ఇంటికి చీర, పిల్లలకు బట్టలు, మిత్రులకు భోజనం. నేను చాలా తెలివైనవాణ్ణని ఆ రోజు నాకు తెలిసింది. ఆ తెలివి వదలడానికి ఆరేళ్లు పట్టింది. ఆ ఆరేళ్లలో ఎంత పోయిందో ఇంట్లో ఈనాటికీ సరిగ్గా చెప్పలేదు. ఓడిన రోజు మనిషి ఇంటికి వస్తాడు. గెలిచిన రోజు మళ్లీ స్టేషనుకు పోతాడు.

మా రింగు ఫ్రేము డిపార్టుమెంటులో అప్పుడు ఎనిమిదిమందిమి ఒక జట్టు. మాలో ఒకాయన ఉండేవాడు. నాకంటే పదేళ్లు పెద్ద, అన్నా అని పిలిచేవాణ్ణి. ఏడో తరగతి చదివాడు. రేసు పుస్తకం మాత్రం ఇంగ్లీషులో ఉన్నా అక్షరం పొల్లుపోకుండా చదివేవాడు. ఏ గుర్రం ఏ నెలలో ఎన్ని కిలోలు మోసిందో, తల్లి ఎవరో, తండ్రి ఎవరో నోటికి చెప్పేవాడు. ఆయన ఒక రాత్రి షిఫ్టు దిగి ఇంటికిపోయి గుండె ఆగి చనిపోయాడు.

కర్మలు అయ్యాక వదినెను వెంటబెట్టుకుని ప్రావిడెంట్ ఫండ్ ఆఫీసుకు పోయాం. అక్కడ తెలిసింది. పద్నాలుగు నెలలుగా మా మిల్లు నుంచి ఒక్క పైసా కట్టలేదు. ఆయనదే కాదు, అందరిదీ. ఆ పద్నాలుగు నెలలూ మా జీతం చీటీల్లో పి.ఎఫ్. కోత ఉంది. డబ్బు జీతంలోంచి పోయింది, ఖాతాలోకి పోలేదు. పి.ఎఫ్. ఆఫీసు నుంచి రావాల్సిన ఏడాది చీటీ ఆ ఏడు రాలేదు. రాలేదేమని ఎనిమిదిమందిలో ఒక్కడం అడగలేదు. మూడేళ్ల కిందట బెంగళూరులో పరిగెత్తిన గుర్రం బరువు చెప్పగలిగినవాళ్లం మేము.

వదినెకు ఆ డబ్బు రావడానికి రెండేళ్లు పట్టింది. యూనియన్ గేటు మీటింగులు పెట్టి, అర్జీలు ఇచ్చి, ఆఫీసుల చుట్టూ తిరిగితే వచ్చింది. ఈ రెండేళ్లూ ఆమె కంటోన్మెంట్‌లో నాలుగిళ్లలో అంట్లు తోమింది. ఆ మిల్లు ఇప్పుడు లేదు. మా సిగ్గు ఉంది. నేను రేసులు మానింది ఎవరో నీతి చెబితే కాదు. పి.ఎఫ్. ఆఫీసు బెంచీ మీద వదినె పక్కన కూర్చున్న రోజున మానాను.

మన రేసు పుస్తకం

కుర్రవాళ్లకు తెలివి లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. 34 గుర్రాల రికార్డు, బరువు, నేల, వయసు, జాకీ, ధర ఇవన్నీ అరగంటలో చూసి తేల్చే బుర్ర ఉన్నవాడికి ఒక కాగితం చదవడం ఎంత సేపు? నెలాఖరున ఇచ్చే జీతం చీటీ కూడా రేసు పుస్తకం లాంటిదే. అందులో పరిగెత్తేది మనమే, మన మీద ఎంత బరువు పెట్టారో అందులోనే ఉంటుంది.

మొదట మూలవేతనం, డి.ఎ. ఎంతో చూడండి. పి.ఎఫ్. కోత అందులో 12 శాతం, యజమాని కూడా అంతే కట్టాలి. ఇ.ఎస్.ఐ.కి మన నుంచి 0.75 శాతం, యజమాని నుంచి 3.25 శాతం. ఓవర్‌టైము గంటలకు మామూలు రేటుకు రెట్టింపు పడిందా? బోనసు ఏడాదికి 8.33 శాతానికి తగ్గకూడదు, 20 శాతం దాకా అడగొచ్చు. గ్రాట్యుటీ ఏడాది సర్వీసుకు పదిహేను రోజుల జీతం. 2025 నవంబరు 21న నాలుగు లేబరు కోడ్లు అమల్లోకి తెచ్చారు. వాటిలో చాలా వాటి మీద కార్మిక సంఘాలకు గట్టి అభ్యంతరాలున్నాయి, అది వేరే వ్యాసం. అయితే అందులో ఒక మాట మనకు పనికొస్తుంది. మూలవేతనం తక్కువ చూపి అలవెన్సులు పెంచి పి.ఎఫ్. ఎగ్గొట్టే అలవాటు ఉంది కదా. మొత్తంలో సగానికి మించిన అలవెన్సులను వేతనంగానే లెక్కించాలని కొత్త నిర్వచనం చెబుతోంది. మీ చీటీలో ఈ లెక్క మారిందా? మారకపోతే ఎందుకని అడిగారా?

ఇక ఖాతాలో డబ్బు పడిందో లేదో తెలుసుకోవడానికి మా కాలంలో ఏడాది చీటీ కోసం కనిపెట్టుకుని ఉండాలి. ఇప్పుడు మీ యు.ఎ.ఎన్. నంబరు ఉంటే చాలు, గుర్రాల జాబితా చూస్తున్న ఆ ఫోనులోనే పి.ఎఫ్. పాసుబుక్కు కనిపిస్తుంది. ఏ నెల పడింది, ఏ నెల పడలేదు, అన్నీ అంకెల్లో ఉంటాయి. జీన్స్ షెడ్లలో పీసు రేటు మీద పనిచేసే తమ్ముళ్లు "మాకు చీటీయే ఇవ్వరన్నా" అంటారు. రికార్డు లేని గుర్రం మీద మీరు పందెం కడతారా? మరి చీటీ లేని షెడ్డు మీద మీ వయసంతా ఎట్లా కడుతున్నారు? చీటీ అడగడమే అక్కడ మొదటి కంచె. ఒక్కడు అడిగితే మర్నాడు పని ఉండదని భయం. ఆ భయం నిజమే. అందుకే నలభైమంది కలిసి అడగాలి, అందుకే యూనియన్.

యూనియన్ కార్యకర్తలకు కూడా ఒక మాట. పందెం కట్టే కుర్రవాణ్ణి పనికిమాలినవాడని తోసేయొద్దు. జీతంతో ఈ జన్మకు అప్పు తీరదని తెలిసినవాడు ఒక్క దూకుతో తీరుతుందేమోనని చూస్తాడు. అది సోమరితనం కాదు, దారి కనపడక చేసే పని. పన్నెండు గంటలు పనిచేసి పదివేలు తెచ్చుకునేవాడికి నీతి బోధిస్తే వినడు. అప్పుల లెక్క తీసి పక్కన కూర్చుంటే వింటాడు. వడ్డీకి డబ్బు తెచ్చి పందెం కట్టినవాడు ఎవరైనా ఉంటే దాచుకోకుండా ఆఫీసుకు రమ్మనండి. నేనుంటాను. నేను కూడా అదే బెంచీ మీదినుంచి లేచి వచ్చినవాణ్ణే.

తమ్ముళ్లూ, మీరు అడిగిన దానికి నా జవాబు ఇది. ఈ తూరి ఏ గుర్రం గెలుస్తుందో నాకు తెలియదు. ఏప్రిల్‌లో ఆ పందెం వస్తే చూడండి, చూడదగ్గ ఆటే. ఏడు కిలోమీటర్లు పరిగెత్తి, ముప్పై కంచెలు దూకి, ఒళ్లంతా ఆవిర్లు కక్కుతూ వచ్చే ఆ మూగజీవాన్ని చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. చూడటానికి పైసా అక్కర్లేదు.

వచ్చే ఆదివారం పొద్దున పది గంటలకు యూనియన్ ఆఫీసుకు రండి. ఆఖరి మూడు నెలల జీతం చీటీలు, యు.ఎ.ఎన్. నంబరు తెచ్చుకోండి. చీటీలు ఇవ్వని షెడ్డువాళ్లు ఉత్త చేతులతో రండి, హాజరు రోజులు మాత్రం గుర్తుపెట్టుకుని రండి. ఒక్కొక్కటి చదువుదాం. టీ ఖర్చు నాది.

— ఒక పాత రింగు ఫ్రేము కార్మికుడు, కంటోన్మెంట్, బళ్లారి